గాజుపళ్ళెములో చిన్నప్రేగు

అనంతగిరి కొండమీది క్షయ చికిత్సాలయమును గూర్చి వికారాబాదు, తాండూరు ప్రాంతముల వారికి వేరుగా చెప్పవలసిన పని లేదు. నిజాము పరిపాలన కాలమున, క్షయకు గట్టి మందులు చేతికందని దినములలో, కొండగాలిని, విశ్రాంతిని, మంచి భోజనమును నమ్ముకొని వెలసిన స్థలమది. తాండూరు వైపునుండి రైలులో వచ్చి వికారాబాదు జంక్షనులో దిగి కొండ ఎక్కిన రోగులు నెలల తరబడి అచ్చట నుండెడివారు. నేడు క్షయరోగికి గాలికంటె మాత్రయే ముఖ్యాధారము. ఆ మాత్రలలో రిఫాంపిసిన్ అనునది ప్రధానమైనది. 1960 దశకము మధ్యభాగమున కనుగొనబడిన మందు ఇది. పరగడుపున దీనిని మింగినవారికి మూత్రము నారింజ రంగునకు తిరుగును. మొదటి దినమున చూచి బెదరిపోవువారు కలరు గాని, అది మందు రంగే, రక్తము కాదు.

అదే కొండదారిలో అనంతపద్మనాభస్వామి దర్శనమునకు పోవువారి చేతినుండి కొబ్బరిచిప్పను, అరటిపండును లాగుకొను కోతులను కూడ అందరు నెరుగుదురు. తాండూరు కందిచేల రైతు నడిగినచో కోతులను గూర్చి మనకంటె ఎక్కువగానే చెప్పగలడు. అతని మాటలన్నియు ప్రసారము చేయదగినవి కాకపోవచ్చును. పైన చెప్పిన మాత్రకును, ఈ కోతికిని నడుమ ఒక సంబంధము కలదు. అది ప్రేగులో నున్నది. కోతి మూలకణములనుండి ప్రయోగశాలలో చిన్నప్రేగును పెంచి, దానిపై మందులను పరీక్షించు విధానమును గూర్చి నేడు ముచ్చటింతము.

మాత్రను మింగినంతనే మందు ఒంటికి పట్టినట్లు మనము భావింతుము. నిజమునకు అది అప్పటికి ఇంకను శరీరము వెలుపలనే యున్నట్లు లెక్క. నోటినుండి మలద్వారమువరకు గల మార్గము ఒక గొట్టము. ఆ గొట్టపు గోడను దాటిననే రక్తప్రవేశము. చిన్నప్రేగు లోపలి తలము నున్నగా నుండదు. దానినిండ వ్రేళ్ళవలె నిలిచిన సూక్ష్మమైన చూషకములు, ఆ చూషకములపై మరల అతి సూక్ష్మమైన నూగు. ఈ ముడుతల నన్నింటిని విప్పి పరచినచో టెన్నిసు ఆటస్థలమంత యగునని పాత పుస్తకములు వ్రాసెడివి. 2014లో ఇరువురు స్వీడను పరిశోధకులు జాగ్రత్తగా కొలిచి, సుమారు 30 చదరపు మీటర్లు మాత్రమే యని తేల్చిరి. మన లెక్కలో చెప్పవలెనన్న, రెండడుగుల చదరపు తాండూరు బండలు ఎనుబది పరచిన గది యంత. టెన్నిసు స్థలము పోయినను, కడుపులో పట్టు వస్తువునకు ఇది తక్కువేమియు కాదు.

ఈ గోడ ఊరక నిలిచియుండు గోడ కాదు. దీని కణములలో సిప్ 3ఎ4 అను ఎంజైము కలదు. మనము మింగు మందులలో అనేకములను ఇది రక్తమును చేరకముందే విరిచివేయును. పి-గ్లైకోప్రోటీను అను మరియొక పదార్థము, లోనికి వచ్చిన మందును తిరిగి ప్రేగులోనికే తోడిపోయును. విషపదార్థములనుండి రక్షణకై శరీరము చేసికొన్న ఏర్పాట్లివి. ఇవి పాతకాలపు కోట గుమ్మమువంటివి. మిత్రుని కూడ ఆపి సోదా చేయక విడువవు.

రిఫాంపిసిన్ చేయు పని ఏమనగా, ఈ గుమ్మమువద్ద కావలివారి సంఖ్యను పెంచుట. దానిని కొలది దినములు వాడినంతనే ప్రేగులోను, కాలేయములోను పై రెండింటి పరిమాణము హెచ్చును. అప్పుడు రోగి వేరొక వ్యాధికై మింగు మందు రక్తమును చేరకముందే నశించును, లేదా త్వరగా ఖర్చగును. క్షయమందు వాడుచున్న స్త్రీలలో గర్భనిరోధక మాత్రలు విఫలమగుట 1970 దశకము ఆరంభమున జర్మనీలో వెల్లడియైనది. రక్తము గడ్డకట్టకుండ నిచ్చు వార్‌ఫరిన్, మార్చిన మూత్రపిండమును శరీరము త్రోసివేయకుండ నిచ్చు సైక్లోస్పోరిన్, హెచ్.ఐ.వి. మందులలో కొన్ని, ఇవన్నియు దీనివలన బలము కోల్పోవునవే. కావున క్షయరోగి తాను వాడు ఇతర మాత్రల నన్నింటిని వైద్యునికి తప్పక చూపవలెను. క్షయమందును మాత్రము తనంత తాను మానరాదు.

ఇంత ముఖ్యమైన విషయమును ముందుగా ఎలుకలలో కనిపెట్టజాలరా యని అడుగవచ్చును. ఎలుక ఈ విషయమున పలుకదు. కణములో పి.ఎక్స్.ఆర్. అను నొక గ్రాహక ప్రోటీను కలదు. 1998లో దాని సంగతి తెలిసినది. మందు వచ్చి దానిని తాకినచో అది ఎంజైముల ఉత్పత్తికి ఉత్తరువు జారీ చేయును. మనుష్యుని పి.ఎక్స్.ఆర్. రిఫాంపిసినును వెంటనే గుర్తించును. ఎలుకది దాదాపుగా గుర్తింపదు. రీసస్ కోతిది మనవలెనే గుర్తించును. తాళపుచెవి ఒకటే, ఎలుక తాళములో అది తిరుగదు, కోతి తాళములో తిరుగును. మందుల పరీక్షకు ప్రపంచము కోతివంక చూచుటకు ఇట్టి కారణము లున్నవి.

ఆ చూపునకు మన దేశపు కోతులు చెల్లించిన మూల్యము చిన్నది కాదు. పోలియో టీకా తయారు చేయుటకు కోతి మూత్రపిండ కణములు కావలసివచ్చిన 1950 దశకమున, ఏటేట పదులవేల రీసస్ కోతులు భారతదేశమునుండి విదేశములకు పోయినవి. 1978లో మన ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించినది. పిమ్మట పరిశోధకులు ఆగ్నేయాసియాలోని పొడుగుతోక కోతిని ఆశ్రయించిరి. ఆ జాతిని కూడ 2022లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము ఆపదలో నున్న జాతుల పట్టికలో చేర్చినది. అట్లని కోతిపై పరీక్షలు వట్టి క్రూరత్వమని కొట్టివేయుటకు నేను సిద్ధముగా లేను. హైదరాబాదు చెంత జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ సంస్థ కరోనాకై రూపొందించిన కోవాక్సిన్ టీకాను 2020లో పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థవారు 20 రీసస్ కోతులపై పరీక్షించిరి. ఆ టీకాను వేయించుకొన్న మనకు ఆ ఇరువది ప్రాణుల ఋణము కలదు.

అయినను కోతి మనుష్యుడు కాదు. మిడజోలామ్ అను మందు శస్త్రచికిత్సకు ముందు మత్తు కలిగించుటకు వాడబడును. మనుష్యుడు దానిని మింగినచో సుమారు మూడవవంతు రక్తప్రవాహమును చేరును. పొడుగుతోక కోతి మింగినచో నూటికి పది పాళ్ళ లోపే చేరును. తక్కినది అధికముగా ప్రేగు గోడలోనే హరించుకొనిపోవును. ఒక క్రొత్త మందు కోతియం దిట్లు నశించిన, అది మనుష్యునికి పనికిరాదని త్రోసివేయు ప్రమాదము కలదు. ఎలుక చెప్పవలసినది చెప్పదు. కోతి చెప్పినను కొన్నిసారులు అతిగా చెప్పును.

జంతువును విడిచి మనుష్య కణములనే వాడుదమన్న, అనేక సంవత్సరములుగా ప్రయోగశాలలలో వాడుకలో నున్నవి కాకో-2 అను కణములు. ఇవి పెద్దప్రేగు కాన్సరునుండి 1970 దశకమున తీసినవి. పలుచని పొరగా చక్కగా పెరుగును. ఏ మందు గోడను దాటునో ఏది దాటదో కొంతవరకు తెలుపును. కాని మనము చెప్పుకొన్న సిప్ 3ఎ4 ఎంజైము వీనిలో లేనట్లే. కావలివారు లేని గుమ్మముచెంత నిలిచి, కోట భద్రమా యని విచారించినట్లు!

ఇక మూలకణముల సంగతి. ప్రేగు లోపలి పొర నాలుగైదు దినముల కొకసారి పూర్తిగా క్రొత్తదగును. చూషకముల అడుగున సన్నని గుంటలు కలవు. ఆ గుంటల మొదట నుండు కొలది మూలకణములు నిరంతరము విభజన చెందుచుండును. పుట్టిన కణములు మెల్లగా పైకి జరుగుచు, జీర్ణక్రియకు పనికివచ్చు రూపములను తాల్చి, చూషకపు కొనను చేరి రాలిపోవును. ఈ వేగమే ప్రేగునకు బలము, బలహీనత కూడ. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కథలో దీని రెండు ముఖములును కనబడును. ఆయన సోదరు లిరువురు చూషకములు అరిగిపోవు స్ప్రూ అను ప్రేగు వ్యాధివలన కొలది దినముల తేడాతో మరణించిరి. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున జరిగిన కృషివలన, ఆ వ్యాధికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది; దానికి విరోధియైన మెథోట్రెక్సేట్ కూడ అచ్చటిదే. వేగముగా విభజన చెందు కాన్సరు కణములను అది అణచును. అదే వేగముతో విభజన చెందు ప్రేగు మూలకణములను కూడ అది విడువదు. దానిని వాడు రోగులలో నోటిపూత, విరేచనములు కలుగుటకు హేతువిది. కావున మందు ప్రేగును దాటునా యను ప్రశ్నయే కాక, మందు ప్రేగును చెరచునా యను ప్రశ్న కూడ పరీక్షకు నిలుచుచున్నది.

ఈ మూలకణములకు గుర్తుగా నిలుచు ఎల్.జి.ఆర్.5 అను ప్రోటీనును 2007లో నెదర్లాండ్సు దేశమున హాన్స్ క్లెవర్స్ బృందము కనిపెట్టినది. 2009లో అదే ప్రయోగశాలలో తోషిరో సాతో అను జపాను శాస్త్రజ్ఞుడు చుంచెలుక ప్రేగునుండి ఒకే ఒక మూలకణమును తీసి, జిగురువంటి పదార్థములో పొదిగి, మూడు వృద్ధికారకములను ఆహారముతో కలిపి యిచ్చెను. కొలది దినములలో ఆ ఒక్క కణమునుండి బుడగవంటి ఆకృతి ఏర్పడి, దాని చుట్టును మొటిమలవలె గుంటలు పుట్టినవి. లోపల ప్రేగులో నుండు కణజాతు లన్నియు తమ తమ స్థానములలో అమరినవి. ఎవరును అమర్చలేదు! ఇట్లు పెరిగిన చిన్న అవయవ రూపమునకు ఆర్గనాయిడు అని పేరు. ఆవగింజకంటె చిన్నది. దానికి ఆకలి లేదు, నొప్పి తెలియదు. ప్రేగు గోడ పనిని మాత్రము చేయును.

మనుష్యుని ప్రేగు కణములకు ఆ మూడు వృద్ధికారకములు చాలలేదు. 2011లో సాతో బృందము మరికొన్ని పదార్థములను చేర్చి విజయము పొందినది. అందొకటి నికొటినమైడు, అనగా బి విటమినులలో నొకటి. ఈ పేరు మన ప్రాంతమునకు క్రొత్త కాదు. జొన్నరొట్టె ముఖ్యాహారముగా గల దక్కనులో పెల్లాగ్రా వ్యాధి ఎందులకు వచ్చుచున్నదని హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకాంతయ్య గారలు శోధించి, జొన్నలోని ల్యూసిన్ అను పదార్థమునకు అందు పాత్ర కలదని 1960లో ప్రకటించిరి. ఆ వ్యాధికి మందు ఈ విటమినే. అది లోపించిన చర్మము పగులును, విరేచనములు పట్టుకొనును. పళ్ళెములోని ప్రేగు కూడ దానినే కోరుట చూడ ముచ్చటగా నున్నది.

ప్రేగు ముక్కను కోయకయే ఆర్గనాయిడును పెంచు రెండవ మార్గము కలదు. ఏ అవయవముగానైన మారగల పిండ మూలకణములను రీసస్ కోతినుండి 1995లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జేమ్స్ థామ్సన్ వేరుచేసెను. మనుష్య పిండమునుండి ఆయనయే 1998లో సాధించెను. కోతి మూడేండ్లు ముందు! జపానులో షిన్యా యమనాకా 2006లో చుంచెలుక చర్మకణములను, 2007లో మనుష్య చర్మకణములను పిండదశవంటి స్థితికి వెనుకకు త్రిప్పెను. 2008లో రీసస్ కోతి కణములను కూడ అట్లే త్రిప్పగలిగిరి. 2012లో యమనాకాకు నోబెల్ బహుమానము లభించినది. ఇప్పుడు కోతిని చంపనక్కరలేదు. దాని చర్మమునుండి చిన్న తునుక, లేదా కొంచెము రక్తము చాలును.

ఆ కణములను ప్రేగుగా మార్చు పద్ధతిని అమెరికాలో సిన్సినాటి నగరమున జేమ్స్ వెల్స్, జేసన్ స్పెన్స్ బృందము 2011లో మనుష్య కణములతో చూపినది. గర్భమున పిండము ఎదుగు క్రమమునే అందు అనుకరింతురు. మొదటి మూడు దినములు ఒక సంకేత పదార్థమునిచ్చి కణములను పిండపు లోపొరగా మార్తురు. తరువాతి నాలుగు దినములు వేరు రెండు పదార్థములతో ప్రేగు మొలకవంటి గుండ్రని ముద్దలు లేచును. వానిని జిగురులో నుంచి నెల దినములు పెంచినచో చూషకములవంటి ముడుతలతో చిన్నప్రేగు పొర తయారగును. కోతి కణములకు మోతాదులను, దినములను కొంచెము సవరింపవలసియుండును. త్రోవ మాత్రము ఇదియే. రీసస్, పొడుగుతోక జాతులు రెండింటి ప్రేగు ఆర్గనాయిడ్లును నేడు కలవు. పళ్ళెము గాజుది యని వాడుకగా చెప్పుచున్నాను గాని, నేడు ఎక్కువగా వాడునది ప్లాస్టికు పళ్ళెమే.

మందును పరీక్షించుట యెట్లు? ఇచ్చట ఒక చిక్కు వచ్చినది. ప్రేగులో ఆహారమును తాకు తలము ఆర్గనాయిడులో బుడగ లోపల నుండును. మందును వెలుపల పోసినచో అది రక్తమువైపునుండి పోసినట్లగును. కావున బుడగలను విడగొట్టి, సన్నని రంధ్రములు గల పొరమీద కణములను చదునుగా పరతురు. పైగదిలో మందు, క్రిందిగదిలో రక్తమునకు బదులు ద్రవము. గంటల తరువాత క్రిందికి ఎంత దిగినది, నడుమ ఎంత విరిగినది యని కొలుతురు. 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, సంచిని తిరుగవేసినట్లు బుడగనే లోపలిది వెలికి తిప్పు ఉపాయమును ప్రకటించిరి. రిఫాంపిసినును కొన్ని దినములు ముందుగా కలిపియుంచి సిప్ 3ఎ4 ఎంత పెరిగినదో చూచుట నేడు ఇట్టి కణములకు సామాన్యమైన పరీక్ష. అనంతగిరి రోగి ప్రేగులో జరుగునది పళ్ళెములో కంటికి లెక్కగా కనబడుచున్నదన్నమాట.

మనుష్య కణములతోనే ఇంతయు చేయగలిగినపుడు కోతి కణము లెందులకు? నాకును మొదట ఈ సందేహమే కలిగినది. పళ్ళెము చెప్పిన మాటను నమ్మవలెనన్న, అది ప్రాణముతో నున్న శరీరములో జరిగినదానితో సరిపోవలెను. క్రొత్త మందును మనుష్యునికి ముందుగా ఇచ్చి సరిచూచుకొనుటకు వీలు లేదు. కోతి విషయమున అట్లు కాదు. వెనుకటి దశాబ్దములలో వందలకొలది మందులను కోతులకిచ్చి రక్తములో కొలిచిన లెక్కలు ఇప్పటికే గ్రంథస్థములై యున్నవి. అదే మందును కోతి ఆర్గనాయిడుపై పోసి, ఆ పాత లెక్కతో పోల్చవచ్చును. మిడజోలామ్ కోతి పొరలో విశేషముగా విరిగి, మనుష్య పొరలో తక్కువగా విరిగినచో, పళ్ళెము నిజమే చెప్పుచున్నదని నమ్మకము కుదురును. అంగడిలో తూకపురాయిని ఎరిగిన బరువుతో సరిచూచినట్లు ఇచ్చట కోతి ప్రేగుతో మనుష్య ప్రేగును సరిచూతురు. ప్రాణాలిచ్చిన కోతుల లెక్కలు వృథాగాక, రాబోవు కోతులను కాపాడుటకు పనికివచ్చుచున్నవి. ఈ పనిలో నాకు మిక్కిలి నచ్చిన అంశమిది.

లోపములను దాచనక్కరలేదు. మూలకణములనుండి పెంచిన ప్రేగు గర్భస్థ శిశువు ప్రేగువలె లేతగా నుండును; ఎంజైములు పెద్దవారిలో నున్నంత యుండవు. రక్తనాళములు లేవు, నాడులు లేవు, పైత్యరసము రాదు, మన ప్రేగులలో కోట్లకొలది కాపురముండు సూక్ష్మజీవులు లేవు. మందు ప్రేగును దాటిన పిదప కాలేయమున పడు పాట్లు ఇందు కనబడవు. ఒక కోతి కణములు తక్కిన కోతుల కన్నింటికి ప్రతినిధి కాజాలవు. వింత యేమనగా, ఆర్గనాయిడ్లను పొదుగు మేట్రిజెల్ అను జిగురు చుంచెలుక కణితినుండి తీయునది. జంతువును తప్పింపబోయిన పనిలో జంతువు వెనుక తలుపున మరల వచ్చినది. దానికి బదులు కృత్రిమమైన జిగురులను తయారుచేయు ప్రయత్నము సాగుచున్నది.

చట్టములు కూడ కదలినవి. అమెరికాలో 2022 డిసెంబరున, క్రొత్త మందునకు జంతుపరీక్ష తప్పనిసరి యను నిబంధనను తొలగించు చట్టము వచ్చినది. మన దేశమున 2023 మార్చిలో నూతన ఔషధముల, క్లినికల్ పరీక్షల నియమములను సవరించి, మనుష్య ఆర్గనాయిడ్లవంటి పద్ధతులకు స్థానము కల్పించిరి. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమువారు 2020లో బెంగుళూరు సంస్థ యగు ఐస్టెమ్‌తో కలిసి, కరోనా వైరసును పెంచుటకు మనుష్య ఊపిరితిత్తుల కణములను వాడు పనిని చేపట్టిరి. ఆ కేంద్రపు ప్రాంగణమున జంతువులకు బదులు మనుష్య నమూనాలను పెంపొందించుటకై ఒక ప్రత్యేక విభాగము కూడ ఏర్పడినది. మందుల కర్మాగారములకు పేరొందిన హైదరాబాదున ఈ విద్య వ్రేళ్ళూనుట మనకు దగ్గరి విషయము. వికారాబాదునుండి రైలెక్కిన రెండు గంటలు పట్టదు.

ఒకసారి సిద్ధమైన కోతి మూలకణములను ద్రవ నైట్రోజనులో, సున్నకు 196 డిగ్రీల దిగువ చలిలో, ఏండ్ల తరబడి దాచవచ్చును. కావలసినపుడు ఒక సీసాను వెచ్చజేసి కొంత పెంచి, మిగిలినదానిని మరల దాచుదురు. కణములనిచ్చిన కోతి ఈ లోపల తన గుంపులో, తన బోనులో, తన పిల్లతో నుండును.